టైటానియం మీద పింగాణీ నిలిచేదెలా?

జంట నగరాలకు ఉత్తరపు కొసన బొల్లారం. రాష్ట్రపతి నిలయం, కంటోన్మెంటు బంగళాలు, రిసాలా బజార్, ఉద్యోగ విరమణ చేసి అల్వాల్, యాప్రాల్ కాలనీల్లో స్థిరపడ్డ సైనిక కుటుంబాలు. ఈ చుట్టుపక్కలనే, జవహర్‌నగర్ నుంచి చెన్నాపూర్ వెళ్లే వైపు, 2001లో మొదలైన ఆర్మీ కాలేజ్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ ఉంది. నగరానికి దక్షిణపు కొసన కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ ఉంది. మనం మిధాని అని పిలుచుకునే ఆ కర్మాగారంలో టైటానియం కరిగి దిమ్మెలవుతుంది. ఒక కొసన పంటి వైద్యం, మరో కొసన లోహ విద్య. ఈ రెండు విద్యలూ కలిసే చోటు మాత్రం చాలా చిన్నది. అది మన నోట్లో, ఒక దవడ పన్ను మీద వేసిన క్యాప్ లోపల, లోహమూ పింగాణీ ఒకదాన్నొకటి తాకే గీత దగ్గర ఉంది.

రూట్ కెనాల్ అయ్యాక డాక్టరు వేసే 'సెరామిక్ క్యాప్' చాలాసార్లు పూర్తిగా పింగాణీ కాదు. లోపల అర మిల్లీమీటరు లోపు మందంలో లోహపు తొడుగు ఉంటుంది. దీన్ని కోపింగ్ అంటారు. దాని మీద పొరలు పొరలుగా పింగాణీ పొడిని తడిపి అద్ది, ఫర్నేసులో కాల్చి, అసలు పన్ను రంగు తెప్పిస్తారు. బలం లోహానిది, అందం పింగాణీది. దవడ పళ్ల మధ్య పడే ఒత్తిడి తక్కువేమీ కాదు. సకినాలు నమిలినా, నల్లి బొక్క కొరికినా కొన్ని వందల న్యూటన్ల బలం, అంటే పదుల కిలోల బరువు, ఆ కాస్త చోటు మీద పడుతుంది. రోజూ వందలసార్లు, ఏళ్ల తరబడి పడుతుంది. పైగా వేడి టీ, వెంటనే చల్లటి నీళ్లు, పగలూ రాత్రీ తడి. ఇన్నిటినీ తట్టుకుని పింగాణీ లోహాన్ని అంటిపెట్టుకునే ఉండాలి.

నికెల్–క్రోమియం లోహాల మీదా, బంగారు మిశ్రమాల మీదా పింగాణీ ఎలా నిలుస్తుందో దంతవైద్యం అరవై ఏళ్ల కిందటే నేర్చుకుంది. టైటానియం మీద నిలబెట్టడం మాత్రం దశాబ్దాల పాటు చిక్కు ప్రశ్నగా ఉండిపోయింది. ఆ చిక్కు ఎక్కడుందో, ఎలా విప్పారో తెలుసుకుంటే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ బంధం బలం కొన్న లోహంలోనో, కొన్న పొడిలోనో సిద్ధంగా ఉండదు. ల్యాబ్‌లో పనిచేసే మనిషి దాన్ని ప్రతిసారీ కొత్తగా తయారు చేయాలి.

పింగాణీ పన్ను పుట్టుక

పింగాణీని నోట్లో పెట్టిన ఘనత ఫ్రాన్సుది. 1774 ప్రాంతంలో అలెక్సీ ద్యుషాతో అనే మందుల తయారీదారు తన పాత కట్టుడు పళ్లు వాసన పడుతున్నాయని విసిగిపోయి, నికొలా ద్యుబువా ద షెమాఁ అనే దంతవైద్యుడి సాయంతో పింగాణీ పళ్ల సెట్టు చేయించుకున్నాడు. 1808లో జుజెప్పాంజెలో ఫాంజీ ప్లాటినం గుచ్చిన విడివిడి పింగాణీ పళ్లను తీసుకొచ్చాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో చార్లెస్ ల్యాండ్ పూర్తి పింగాణీ క్యాపును ప్రచారంలోకి తెచ్చాడు. అందంగానే ఉండేవి కానీ పెళుసు.

దంత పింగాణీకి మూలం ఫెల్డ్‌స్పార్, పలుగురాయి. మన మహబూబ్‌నగర్, రంగారెడ్డి ప్రాంతాల్లో తవ్వి తీసే ఖనిజాలే ఇవి. వీటిని కరిగిస్తే వచ్చే గాజుకు పన్ను లాంటి మెరుపు వస్తుంది, పారదర్శకత వస్తుంది. కానీ అది లోహంతో పాటు సాగదు, ముడుచుకోదు. 1962లో వైన్‌స్టీన్, కాట్జ్ బృందం అమెరికాలో పొందిన పేటెంట్లు ఈ ఇబ్బందిని తీర్చాయి. పొటాషియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్‌ను సుమారు 1150 డిగ్రీలు దాటించి వేడి చేస్తే గాజులో లూసైట్ అనే స్ఫటికాలు పుడతాయి. లూసైట్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. దాన్ని తగిన పాళ్లలో ఉంచితే పింగాణీ వ్యాకోచం లోహం వ్యాకోచానికి దగ్గరవుతుంది. లోహం మీద పింగాణీ వేసిన క్యాపులు ప్రపంచమంతా వ్యాపించింది ఆ తర్వాతే.

టైటానియం ఎందుకు?

అంతా సజావుగా సాగుతుంటే టైటానియం జోలికి ఎందుకు పోవాలి? మూడు కారణాలున్నాయి. నికెల్ కొందరికి పడదు. గిల్టు గాజులు వేసుకుంటే చర్మం దురద పెట్టేవాళ్లు మన ఇళ్లలోనే ఉంటారు. కొన్ని నికెల్ మిశ్రమాల్లో కలిపే బెరీలియం, ల్యాబ్‌లో దాన్ని అరగదీసే కార్మికుడి ఊపిరితిత్తులకు ముప్పు. బంగారం, పల్లేడియం మిశ్రమాలు మంచివే కానీ ధర సామాన్యుడికి అందదు.

టైటానియం ఒంటికి పడుతుంది. స్వీడన్‌లో పెర్–ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం గది ఎముకతో ఏకమై ఊడి రాకపోవడం గమనించాడు. 1965లో మొదటిసారి మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చాడు. ఈనాటి ఇంప్లాంట్లన్నిటికీ అదే నాంది. దవడ విరిగినప్పుడు వేసే చిన్న ప్లేట్లూ టైటానియంవే. ఇంప్లాంట్ టైటానియందైనప్పుడు దాని మీద కూర్చునే బ్రిడ్జి (కలిపి వేసే పళ్ల వరస) కూడా టైటానియందే అయితే, రెండు వేర్వేరు లోహాలు లాలాజలంలో తడిసి ఒకదాన్నొకటి తినేసే ప్రమాదం తగ్గుతుంది. బరువూ తక్కువే. ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములే, నికెల్–క్రోమియంలో దాదాపు సగం.

పైగా ఇది మన నేలకు దూరపు లోహం కాదు. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల్లో కనిపించే నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఉంది. అది ఇనుమూ టైటానియమూ కలిసిన ఆక్సైడు. దాన్నుంచి లోహం తీయడం మాత్రం కష్టం. క్లోరిన్‌తో టైటానియం టెట్రాక్లోరైడుగా మార్చి, ఆర్గాన్ వాయువు నింపిన పాత్రలో మెగ్నీషియంతో చర్య జరిపిస్తే స్పంజిలా గుల్లగా లోహం మిగులుతుంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, అంటే డీఎంఆర్‌ఎల్, ఈ విధానాన్ని దేశీయంగా సాధించింది. ఆ పరిజ్ఞానంతోనే కేరళలోని చవరలో ఏటా 500 టన్నుల టైటానియం స్పంజి తయారయ్యే కర్మాగారం 2011లో మొదలైంది. ఆ స్పంజిని శూన్యంలో విద్యుత్ ఆర్క్‌తో కరిగించి దిమ్మెలు చేసే పని మిధానిలో జరుగుతుంది.

అన్నేసి జాగ్రత్తలు ఎందుకు? ఆర్గాన్ ఎందుకు, శూన్యం ఎందుకు? టైటానియానికి ఆక్సిజన్ మీద ఉన్న విపరీతమైన ఆకలి వల్ల. పింగాణీతో వచ్చిన పేచీకి మూలం కూడా ఆ ఆకలే.

పట్టుకు మూడు ఆధారాలు

పింగాణీ ఏ లోహం మీదైనా నిలవాలంటే మూడు ఆధారాలు కావాలి. మొదటిది గరుకుదనం. కాలేటప్పుడు మెత్తబడిన పింగాణీ లోహం మీది సన్నటి గుంటల్లోకి జారి, చల్లారాక అక్కడే బిగుసుకుంటుంది. రెండోది రసాయన బంధం. లోహం మీది ఆక్సైడు పొర పింగాణీ గాజులో కొంత కరిగి, ఆక్సిజన్ పరమాణువుల ద్వారా అటు లోహానికీ ఇటు గాజులోని సిలికాన్‌కూ వంతెన వేస్తుంది. మూడోది బిగింపు. లోహం పింగాణీ కంటే ఒక పిసరు ఎక్కువగా ముడుచుకుంటే, చల్లారాక పింగాణీ నొక్కుడులో ఉంటుంది. నొక్కితే పింగాణీ చాలా ఓర్చుకుంటుంది, లాగితే చిట్లిపోతుంది. కాబట్టి ఆ కాస్త నొక్కుడు దానికి రక్ష.

టైటానియంతో మొదటి ఆధారం దగ్గర పెద్ద చిక్కు లేదు. మిగతా రెండూ ఇబ్బంది పెట్టాయి.

ఆక్సైడు: లేమి, అతి

ఇత్తడి గిన్నెకు కళాయి పోసే మనిషి ముందు నవాసాగరం చల్లి లోపలి తలాన్ని శుభ్రంగా తుడుస్తాడు. ఆక్సైడు పోతేనే తగరం అంటుకుంటుంది. పింగాణీ విషయం దీనికి తలకిందులు. ఇక్కడ ఆక్సైడే జిగురు. అది బొత్తిగా లేకపోతే పింగాణీ పట్టదు, మందమైతే పెచ్చులై ఊడుతుంది. శుద్ధ బంగారానికి ఆక్సైడే ఏర్పడదు. అందుకే దంతవైద్యపు బంగారు మిశ్రమాల్లో కొద్దిపాటి తగరం, ఇండియం కలుపుతారు. ఫర్నేసులో అవి పైకి వచ్చి ఆక్సైడు పొర అల్లుతాయి. బంగారానిది లేమి అయితే టైటానియానిది అతి.

మామూలు ఉష్ణోగ్రతలో టైటానియం మీద గాలి తగిలిన క్షణంలోనే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక నానోమీటరు. ఆ పలచటి పొర గట్టిగా, సందులు లేకుండా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. టైటానియం తుప్పు పట్టకపోవడానికీ, ఒంటికి పడటానికీ, ఎముక దాన్ని తనలో కలుపుకోవడానికీ కారణం అదే.

అదే లోహాన్ని పాత పద్ధతి పింగాణీ కాల్చే 900–980 డిగ్రీల వేడిలో పెడితే కథ మారుతుంది. 800 డిగ్రీలు దాటాక ఆక్సైడు వేగంగా పెరిగి మందమవుతుంది, గుల్లబారుతుంది, కింది లోహం మీద పట్టు కోల్పోతుంది. 1990లో అదాచీ, మాకెర్ట్ తదితరులు జర్నల్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్‌లో ప్రచురించిన పరిశోధన దీన్ని అంకెల్లో చూపింది. 750 డిగ్రీల వద్ద ఏర్పడిన పొర సుమారు 32 నానోమీటర్లు, లోహాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. 1000 డిగ్రీల వద్ద అది దాదాపు ఒక మైక్రోమీటరుకు, అంటే ముప్పై రెట్లకు పెరిగింది. పట్టు పోయింది. ఇక్కడ పింగాణీ ఆక్సైడును వదలడం లేదు, ఆక్సైడే లోహాన్ని వదిలేస్తోంది. పింగాణీ ఎంత మంచిదైనా లాభం లేదు.

దీనికి తోడు మరో పరిమితి. 882 డిగ్రీల దగ్గర టైటానియం లోపలి పరమాణువుల అమరికే మారిపోతుంది. షడ్భుజాకార అమరిక పోయి ఘనాకార అమరిక వస్తుంది. ఆ గీత దాటి మళ్లీ చల్లారితే కొలతలు దెబ్బతిని, తొడుగు పన్ను మీద సరిగ్గా కూర్చోకపోవచ్చు. పింగాణీని 800 డిగ్రీలకు లోపే కాల్చాలన్న నియమం ఈ రెండు కారణాల నుంచి పుట్టింది.

ఫర్నేసులో శూన్యం పెట్టి బయటి గాలిని తీసేసినా టైటానియం ఆకలి తీరదు. సిలికాన్ కంటే దానికే ఆక్సిజన్ మీద పట్టు ఎక్కువ. కాబట్టి పింగాణీలోని సిలికా నుంచే ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. ఫిన్లండ్ పరిశోధకులు కోనొనెన్, కివిలాహ్తి 1990లలో సరిహద్దును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అక్కడ టైటానియం సిలిసైడు అనే కొత్త పదార్థం ఏర్పడటం చూపించారు. ఆక్సిజన్‌ను మింగిన లోహపు పైపొర గట్టిపడుతుంది, పెళుసవుతుంది. పగులు పాకడానికి అదే దారి. వేడి పెరిగినకొద్దీ, కాల్చే సమయం పెరిగినకొద్దీ ఆ దారి వెడల్పవుతుంది.

ముడుచుకోవడంలో తగాదా

రెండో పేచీ వ్యాకోచానిది. ఒక డిగ్రీ వేడికి నికెల్–క్రోమియం తన పొడవులో పది లక్షల్లో సుమారు 14 వంతులు పెరుగుతుంది. దాని కోసం తయారైన పింగాణీ 13కు అటూఇటూ. టైటానియం మాత్రం 9 దగ్గరే ఆగుతుంది. పాత పింగాణీని టైటానియం మీద కాలిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం.

పింగాణీ 500 డిగ్రీల దగ్గర గట్టిపడిందనుకుందాం. అక్కడి నుంచి 30 డిగ్రీలకు చల్లారాలి. తేడా 470 డిగ్రీలు. పింగాణీకీ టైటానియానికీ మధ్య వ్యాకోచ భేదం డిగ్రీకి 4 వంతులు. 470ని 4తో హెచ్చవేస్తే పది లక్షల్లో 1,880 వంతులు, అంటే దాదాపు 0.2 శాతం. మూడు పళ్ల బ్రిడ్జి 25 మిల్లీమీటర్ల పొడవుంటే, పింగాణీ లోహం కంటే 0.05 మిల్లీమీటరు ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది. లోహం ముడుచుకోనివ్వదు. అంటే పింగాణీని ఆ మేరకు లాగి పట్టినట్టే. పింగాణీ చిట్లకుండా ఓర్చుకోగల సాగుడు మహా అయితే 0.1 శాతం. అది ఓర్చుకోగల దానికి దాదాపు రెట్టింపు మీద పడుతోంది. బల్ల మీద పెట్టిన బ్రిడ్జి మీద ఎవరూ చెయ్యి వేయకుండానే పగుళ్లు రావడానికి ఇదే లెక్క.

కాబట్టి టైటానియానికి కొత్త పింగాణీ కావాలి. అది 800 డిగ్రీల లోపే కరిగి పరుచుకోవాలి, వ్యాకోచం 9కి కాస్త తక్కువగా ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం. గాజు తక్కువ వేడికే కరగాలంటే అందులో సోడియం, పొటాషియం లాంటివి పెంచాలి. అవి పెరిగితే వ్యాకోచమూ పెరుగుతుంది, నోటి తడికి గాజు కరిగే ముప్పూ పెరుగుతుంది. వ్యాకోచం తగ్గాలంటే లూసైట్ తగ్గించాలి. లూసైట్ తగ్గితే పగుళ్లను అడ్డుకునే స్ఫటికాలు తగ్గి పింగాణీ బలహీనపడుతుంది. గాజు నిపుణులు బోరాన్ ఆక్సైడు వంటివి కలిపి ఈ కొలతలన్నిటి మధ్య ఒక రాజీ కుదిర్చారు. డ్యూసెరాటిన్, వీటా టైటాన్‌కెరామిక్ వంటి పేర్లతో వచ్చిన పొడులు ఆ రాజీ ఫలితాలే. వీటిని 800 డిగ్రీల లోపే కాలుస్తారు. 1990లలో తొలి తరం టైటానియం క్యాపులు వేసుకున్నవారిలో పింగాణీ పెచ్చు ఊడటం మామూలు క్యాపుల కంటే ఎక్కువగా కనిపించింది. తర్వాతి తరాల పొడులు, పద్ధతులు ఆ తేడాను చాలా తగ్గించాయి.

పట్టు ఎంతో కొలిచేదెలా?

బంధం బాగుంది, బాగాలేదు అని కంటితో చూసి చెప్పలేం. దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9693 ఉంది. పరీక్ష ఇలా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న లోహపు రేకు తీసుకుంటారు. దాని నట్టనడుమ 8 మిల్లీమీటర్ల మేర, సుమారు 1.1 మిల్లీమీటరు మందాన పింగాణీ కాలుస్తారు. పింగాణీ కిందివైపు వచ్చేలా ఆ రేకును 20 మిల్లీమీటర్ల ఎడంగా ఉన్న రెండు ఆధారాల మీద ఉంచి, పై నుంచి మధ్యలో యంత్రంతో మెల్లగా, నిమిషానికి మిల్లీమీటరున్నర వేగంతో నొక్కుతారు. రేకు వంగుతుంది. పింగాణీ వంగలేదు. ఒక దశలో దాని ఒక అంచు లోహాన్ని వదులుతుంది. ఆ క్షణాన యంత్రం గీసే గీత ఉన్నట్టుండి కిందికి పడుతుంది. ఆ బలాన్ని లోహం మందంతో, అది ఎంత సులువుగా వంగుతుందన్న గుణంతో లెక్కగట్టి పట్టును మెగాపాస్కళ్లలో చెబుతారు. ఆరు రేకుల్లో కనీసం నాలుగు 25 మెగాపాస్కళ్లు దాటితేనే ఆ జోడీ ఉత్తీర్ణం.

నికెల్–క్రోమియం జోడీలు ఈ గీతను తేలిగ్గా, మంచి తేడాతో దాటుతాయి. టైటానియం జోడీలు సిద్ధం చేసిన తీరును బట్టి కొన్ని గీత దగ్గరే ఆగిపోతాయి, కొన్ని స్పష్టంగా దాటుతాయి. అదే లోహం, అదే పింగాణీ, వేర్వేరు చేతుల్లో వేర్వేరు ఫలితం. పరిశోధకులు అంకెతో సరిపెట్టుకోరు. విరిగిన చోటునూ చదువుతారు. లోహం మీద తెల్లటి పింగాణీ తునకలు మిగిలితే పగులు పింగాణీ లోపల నడిచిందని, బంధం గట్టిదని అర్థం. లోహం బోసిగా బూడిదరంగులో కనిపించి, ఊడిన పెచ్చు అడుగున నల్లటి పొర ఉంటే ఆక్సైడు మోసం చేసిందని అర్థం.

ఈ పరీక్ష మరో మెలకువ కూడా చెబుతుంది. టైటానియం వంగుడు గుణం నికెల్–క్రోమియంకు దాదాపు రెట్టింపు. ఒకే మందం ఉన్న రెండు బ్రిడ్జిల్లో టైటానియందే ఎక్కువ వంగుతుంది. బంధం ఎంత బాగున్నా కింది లోహం వంగితే పింగాణీ చిట్లుతుంది. అందుకే టైటానియం ఫ్రేమును కాస్త మందంగా చేయాలి, పింగాణీ అన్నిచోట్లా సమంగా ఉండేలా పన్ను ఆకారానికి తగ్గట్టు మలచాలి.

పట్టు పెంచే పనితనం

టైటానియాన్ని అచ్చులో పోసే రోజుల్లో ఒక అదనపు బెడద ఉండేది. కరిగిన టైటానియం 1668 డిగ్రీలు దాటిన వేడిలో అచ్చు మట్టిలోని సిలికాతో, ఫాస్ఫేటుతో చర్య జరిపి పైన గట్టి, పెళుసు పొరను కట్టేది. దీన్ని ఆల్ఫా కేస్ అంటారు. దాన్ని పూర్తిగా తీయకుండా పింగాణీ వేస్తే ఊడటం ఖాయం. ఇప్పుడు కంప్యూటర్ సాయంతో టైటానియం డిస్కును నేరుగా చెక్కుతున్నారు, లేదా లేజరుతో పొడిని కరిగిస్తూ పొరలుగా పేరుస్తున్నారు. చెక్కిన ముక్కకు ఆల్ఫా కేస్ బెడద ఉండదు.

తొడుగు చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. టెక్నీషియన్ కార్బైడ్ బర్‌తో నెమ్మది వేగంలో, ఒకే దిశలో అరగదీయాలి. టైటానియం వేడిని త్వరగా వదలదు. తొందరపడి గట్టిగా అదిమితే తెల్లటి నిప్పురవ్వలు లేస్తాయి, అక్కడికక్కడే ఆక్సైడు పెరుగుతుంది. అటూ ఇటూ అరగదీస్తే మెత్తటి లోహం మడతలు పడి, మడతల కింద గాలి చిక్కుకుంటుంది. కాల్చేటప్పుడు అది బుడగై పైకి వస్తుంది. తర్వాత అల్యూమినా రేణువులతో శాండ్‌బ్లాస్టింగ్ చేయాలి. దీంతో తలం గరుకవుతుంది, పాత పొర పోతుంది. రేణువులు లోహంలో గుచ్చుకుని ఉండిపోకుండా ఒత్తిడి, కోణం చూసుకోవాలి. ఆపై కొన్ని నిమిషాలు అలా వదిలేస్తే కొత్త పలచటి ఆక్సైడు దానంతటదే వస్తుంది. ఇక దాన్ని చేత్తో ముట్టకూడదు.

తర్వాత బాండర్ అనే పలచటి పూత. టైటానియానికీ పింగాణీకీ మధ్య ఆక్సిజన్ మార్పిడిని అదుపులో పెట్టడం దాని పని. ఆపై లోహం రంగును కప్పే ఒపేక్, దాని మీద డెంటిన్, ఎనామిల్ పొరలు, చివర గ్లేజ్. ప్రతి పొరకూ ఒకసారి ఫర్నేసులోకి. కాల్చిన ప్రతిసారీ ఆక్సైడు కాస్త పెరుగుతుంది కాబట్టి షేడ్ కుదరలేదని పదే పదే కాల్చడం బంధానికి చేటు. పరిశోధనశాలల్లో మరికొన్ని దారులూ పరీక్షించారు. ఆమ్లంతో, కాస్టిక్ సోడాతో తలాన్ని మలచడం, బంగారం పలచగా చల్లడం, సిలికాన్ నైట్రైడు పూత వేయడం, సిలికా ద్రావణంలో ముంచి తీయడం, ఆర్గాన్‌లో కాల్చడం. వీటిలో చాలావాటి ఉద్దేశం ఒకటే, ఆక్సిజన్ లోహంలోకి చొరబడకుండా కాపలా పెట్టడం.

ఫర్నేసు తెర మీద 780 అని కనబడినంత మాత్రాన లోపల 780 ఉన్నట్టు కాదు. మామూలు పింగాణీ ఫర్నేసును సరిచూడటానికి శుద్ధ వెండి తీగ వాడే పద్ధతి ఉంది. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తీగ కరిగే క్షణాన తెర మీది అంకె ఎంతుందో చూస్తే తప్పు ఎంతో తెలుస్తుంది. నికెల్–క్రోమియం పనిలో ఇరవై ముప్పై డిగ్రీల తేడా వస్తే రంగు కాస్త మారుతుందేమో. టైటానియం పనిలో ఆ తేడా 800 గీతను దాటించి, ఏడాది తర్వాత ఊడే క్యాపును తయారు చేస్తుంది.

ఫ్లోరైడ్ నేల మీద ఒక జాగ్రత్త

తెలుగు నేల మీద ఈ లోహం గురించి మాట్లాడితే ఫ్లోరైడ్‌ను తప్పించుకోలేం. మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. పళ్ల మీద గోధుమరంగు మచ్చలతో క్యాపుల కోసం వచ్చేవారు ఇక్కడి డెంటిస్టులకు కొత్త కాదు. టైటానియం ఆక్సైడు పొరను దెబ్బతీయగల కొద్ది పదార్థాల్లో ఫ్లోరైడ్ ఒకటి. అయితే ఆమ్లం తోడైతేనే. నీళ్లలో ఉండే కొద్ది పీపీఎంల ఫ్లోరైడ్, మామూలు పేస్టులో ఉండే సుమారు 1000 పీపీఎం ఆమ్ల గుణం లేని స్థితిలో దానికి హాని చేయవు. పిప్పి రాకుండా డాక్టర్లు పూసే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ వేరు. అందులో 12,300 పీపీఎం ఫ్లోరైడ్ ఉంటుంది, పుల్లదనమూ ఎక్కువే. అది టైటానియం పొరనూ తినగలదు, పింగాణీ మెరుపునూ గరుకు చేయగలదు. టైటానియం బ్రిడ్జి ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి, ఆమ్లం లేని జెల్ అడగడం మంచిది.

ఇప్పుడు ఎవరికి, ఎప్పుడు?

ఒంటి క్యాపుల విషయంలో ఇప్పుడు జిర్కోనియా ముందుకొచ్చింది. తెల్లగా ఉంటుంది, లోహం కాదు. విడి పన్నుకు చాలామందికి అది సరిపోతుంది. అయినా టైటానియం చోటు పోలేదు. పళ్లన్నీ పోయినవారికి నాలుగైదు ఇంప్లాంట్ల మీద దవడ పొడవునా వేసే పెద్ద బ్రిడ్జిల్లో, నికెల్ పడనివారిలో, తేలికగా ఉండాల్సిన పొడవైన ఫ్రేముల్లో దాని అవసరం ఉంది. అలాంటి వాటిలో పింగాణీ ఒక మూల చిట్లినా మొత్తం విప్పి మళ్లీ చేయాల్సి రావచ్చు. ఖర్చు లక్షల్లోకి వెళ్లే పని. కాబట్టి బంధం ప్రశ్న పెద్దవాళ్ల జేబుకూ, వాళ్లు నమిలే అన్నానికీ సంబంధించిన ప్రశ్న.

క్యాపు వేయించుకునేవారు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. లోపల ఏ లోహం వాడుతున్నారు? టైటానియమైతే దాని కోసమే తయారైన పింగాణీ వాడుతున్నారా? తొడుగును చెక్కి చేశారా, పోత పోశారా? ల్యాబ్‌లో టైటానియం పని క్రమంగా చేస్తుంటారా? ఈ ప్రశ్నలు విని మంచి డాక్టరు నొచ్చుకోరు. పెచ్చు ఊడి వచ్చినప్పుడు కూడా మళ్లీ వేయమని అడిగి ఊరుకోకుండా, ఎక్కడ వదిలిందో చూడమనాలి. బోసి లోహం కనిపిస్తే లోపం ల్యాబ్‌లో ఉండొచ్చు. పింగాణీ లోపలే విరిగితే కొరుకుడులో, ఫ్రేము ఆకారంలో కారణం వెతకాలి.

1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే 'డెంటల్ మెకానిక్'కు పేరు దక్కింది, రిజిస్ట్రేషన్ వచ్చింది. కానీ రోగి ఆ మనిషిని చూడడు, బిల్లు మీద ఆ పేరు ఉండదు. 32 నానోమీటర్ల పొరను వెయ్యి కాకుండా ఆపేది అతని చెయ్యి, అతని ఫర్నేసు. టైటానియం కరిగించే మిధాని, లోహాల గుట్టు తెలిసిన డీఎంఆర్‌ఎల్, ఉపరితల పూతల మీద పనిచేసే బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, దంతవైద్య కళాశాలలు, అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. నొక్కి చూసే యంత్రాలూ ఇక్కడే ఉన్నాయి. ల్యాబ్‌లు తమ ఫర్నేసులో కాల్చిన ఆరు రేకులను అప్పుడప్పుడూ పరీక్షకు పంపుకునే ఏర్పాటు ఈ సంస్థలు చేస్తే, ఖర్చు పెద్దగా ఉండదు. 25 మెగాపాస్కళ్ల గీత దాటని ల్యాబ్‌కు తన తప్పు రోగి నోట్లో కాక పరీక్షా యంత్రం మీద తెలుస్తుంది. టైటానియాన్ని మన తీరపు ఇసుక నుంచి లోహంగా తీయడం సాధించిన చోట, దాని మీద పింగాణీని నమ్మకంగా నిలబెట్టడం అసాధ్యం కాదు. దానికి కావాల్సిన విజ్ఞానం చేతిలోనే ఉంది. దాన్ని ప్రతి చిన్న ల్యాబ్‌లోని ఫర్నేసు దాకా తీసుకెళ్లడమే మిగిలింది.